తాడు మీద మనిషి

కొండ అంచు నుంచి తాడు మీద కిందికి దిగడం నాకు ఒక్క పూటలో వచ్చేసింది. మధ్యలో చిక్కుకుపోతే అదే తాడు మీద, ఎవరి సాయమూ లేకుండా పైకి రావడం మాత్రం కోర్సు ముగిసే దాకా సరిగ్గా రాలేదు.

మాది జమ్మలమడుగు. నాన్న మిషన్ ఆసుపత్రిలో మందులిచ్చే పని చేసేవాడు. అమ్మ చిన్నపిల్లల బడిలో టీచరు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు నేను ఎన్‌సీసీలో ఉన్నాను. పరుగులో ముందుండేదాన్ని కాబట్టి నన్ను ఉత్తరాదిన కొండలెక్కడం నేర్పే చోటికి పంపించారు. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఆ రోజుల్లో ఆడపిల్ల ఊళ్ళో ఉండటం కంటే ఎక్కడో కొండల్లో ఉండటమే నయమని నాన్న అనుకున్నాడేమో. మా వీధి చివర ఒక పెద్ద ఇంటి అరుగు మీద ఎప్పుడూ నలుగురైదుగురు మగవాళ్ళు కూర్చొని ఉండేవారు. వాళ్ళ దుప్పట్ల కింద ఏముందో అందరికీ తెలుసు. బజారుకు పోవాలంటే ఆ ఇంటి ముందు నుంచి కాకుండా చుట్టు తిరిగి పోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

కోర్సులో మాకు తాడు పని నేర్పినాయన పొట్టిగా, ఎప్పుడూ విసుగ్గా ఉండేవాడు. తక్కిన విద్యలన్నీ తొందర తొందరగా చెప్పేసి, ఒక్కదాని మీదే రోజులకు రోజులు కూర్చోబెట్టేవాడు. ఒక్కొక్కరినీ తాడు మీద సగం దూరం దింపి, అక్కడ ఆగమనేవాడు. తర్వాత టీ తాగడానికి వెళ్ళిపోయేవాడు. నిజంగానే వెళ్ళిపోయేవాడు. పైన ఎవరూ ఉండేవారు కాదు. అరిస్తే పలికే దిక్కు లేదు. నడుముకు కట్టుకున్న పట్టీలు తొడలను కోస్తుంటే, కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే, మన దగ్గరున్న రెండు సన్నతాళ్ళతో మనమే పైకి రావాలి.

ఆ సన్నతాడును లావుతాడు చుట్టూ మూడు చుట్లు చుట్టి ఒక ముడి వేస్తారు. బరువు పడితే ఆ ముడి బిగుసుకొని పట్టుకుంటుంది. బరువు తీస్తే వదులై పైకి జరుగుతుంది. అలాంటివి రెండు. ఒకటి నడుముకు, ఒకటి పాదానికి. పాదం ముడిలో లేచి నిలబడి నడుము ముడిని పైకి జరపాలి. నడుము ముడి మీద కూర్చొని పాదం ముడిని పైకి జరపాలి. మళ్ళీ నిలబడాలి. మళ్ళీ కూర్చోవాలి. గొంగళిపురుగు పాకినట్టు. చెప్పడానికి ఇంతే. మొదటిరోజు నేను మూరెడు ఎక్కి ఏడ్చాను.

తిరిగొచ్చాక జమ్మలమడుగులోనే ఒక ఎయిడెడ్ స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరాను. పెళ్ళి మా మేనమామ కొడుకుతో అయింది. బావ కూడా టీచరే. అయితే ఆయన బడి పులివెందుల దాటి ఇంకా లోపల ఒక పల్లెలో. పొద్దున మొదటి బస్సుకు పోతే ముద్దనూరులో దిగి ఇంకో బస్సు, పులివెందులలో దిగి ఇంకోటి. తిరిగి వచ్చేసరికి ఊరంతా భోజనాలు చేసి ఉండేది. ఎక్కడైనా గొడవ జరిగి బస్సులు ఆగిపోతే పులివెందుల బస్టాండులో బెంచీ మీదే పడుకొనేవాడు. రాజుపాలెం పక్కనో, ప్రొద్దుటూరు పక్కనో ఖాళీలున్నాయి. కానీ ఆ కాలంలో బదిలీ అంటే దరఖాస్తు కాదు, మాట. ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చెప్పాలి. చెప్పాలంటే మనం ఎవరి మనుషులమో ముందు తేలాలి. మేము ఎవరి మనుషులమూ కాదు. ఆదివారం చర్చికి పోయి వచ్చే మనుషులం. ఆ సంగతి ఎవరికీ పనికొచ్చేది కాదు.

కోర్సు చేసిన ఊళ్ళోనే ఒక కొట్టుకు రాసి మంచి తాడు ఒకటి, నడుం పట్టీలు, కొక్కేలు, దిగడానికి వాడే ఎనిమిది అంకె లాంటి బిళ్ళ తెప్పించుకున్నాను. సన్నతాళ్ళు ప్రొద్దుటూరులో ఇనుప సామాన్ల అంగట్లో కొన్నాను. అంగడాయన తాడు కొలుస్తూ, "బావికా, బర్రెకామ్మా?" అని అడిగాడు. "మనిషికి" అంటే కొలిచే చెయ్యి ఆపి నా మొహం చూశాడు. పిల్లలకు నేర్పడానికని చెప్పాక గానీ తాడు కోయలేదు.

ఊరి బయట చేన్లో ఎండిపోయిన పెద్ద రాతిబావి ఉండేది. శనివారం సాయంత్రాలు హైస్కూలు ఆడపిల్లల్ని కొందర్ని అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. మా పొట్టి మాస్టారు నేర్పినట్టే నేర్పాను. దిగడం కాస్త, మధ్యలో నుంచి తిరిగి ఎక్కడం ఎక్కువ. టీకి మాత్రం పోలేదు. బావి గట్టు మీద పడుకొని వాళ్ళ ముడులు చూస్తూ ఉండేదాన్ని. తల్లులు వచ్చి, "దీంతో ఏమొస్చాది మేడమ్?" అని అడిగేవారు. ఏమొస్తుందో నాకూ తెలియదు. "భయం పోతాదమ్మా" అనేదాన్ని. ఆ మాట వాళ్ళకు నచ్చేది.

అట్లా నా పేరు బావుల్లో దిగే టీచరమ్మగా పాకింది. పాకి పాకి, పాకకూడని చోటికీ పోయింది.

ఎన్నికలు దగ్గరపడిన ఏడాది. ఒక మధ్యాహ్నం మా స్కూలు కరస్పాండెంటుగారు పిలిపించారు. ఆయన పెద్దాయన, నెమ్మది మనిషి, నాన్నకు స్నేహితుడు. ఆయన ఎదురుగా రోడ్ల పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన కూర్చొని ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతికి నల్లదారం. బయట జీపు, జీపులో మనుషులు.

"రా టీచరమ్మా. నువ్వు తాడు మింద యాడికైనా దిగుతావంట గదా" అన్నాడు కాంట్రాక్టరు. "మాకొగ చిన్న పని ఉండాది."

వాళ్ళ నాయకుడు గండికోటకు వస్తున్నాడట. కోట అంచున నిలబడి, లోయలో నదిని చూపించి, ఆనకట్ట గురించి మాట్లాడతాడట. ఆయన నిలబడే చోటికి సరిగ్గా ఎదురుగా, నది అవతలి గట్టు బండ మీద, ఆయన బొమ్మతో పెద్ద గుడ్డ బ్యానరు వేలాడాలట. ప్రొద్దుటూరులో రాయిస్తున్నారట. పై కొసలు గట్టు మీద కట్టుకోగలరు. కింది కొసలు గాలికి ఎగరకుండా బండకు కట్టడానికి మనిషి దిగాలి.

"నాకు స్కూలుందండీ" అన్నాను.

"స్కూలు యాడికి పోతాది. ఒగ దినమే గదా." ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మీ ఆయన పులివెందుల కాడ శానా అవస్త పడ్తాండాడంట. మాకు తెలిసింది. ఈ పని కానీ, రాజుపాలెం సంగతి మేము చూస్చాం" అన్నాడు.

ఆయన వెళ్ళాక కరస్పాండెంటుగారు నా మొహం చూడలేదు. "కాదంటే యాట్ల తల్లీ. మన గ్రాంటు గూడా వాళ్ళ చేతిలోనే ఉండాది" అన్నారు. ఆయన కూడా అలిసిపోయినట్టే కనిపించారు.

ఆ రాత్రి బావకు చెప్పాను. "వద్దులే మే. నాకు బస్సు అలవాటైపాయ" అన్నాడు. అన్నం కలుపుకొని రెండు ముద్దలు తిని, మూడోది చేతిలో ఉండగానే గోడకు తల ఆనించి నిద్రపోయాడు. చెప్పులు కూడా విడవలేదు. ఆ చేతిలో ముద్దను చూసి, పోదామని నిర్ణయించుకున్నాను. ఇందులో పెద్దగా ఆలోచించిందేమీ లేదు.

నాయకుడు రావడానికి ముందురోజు మధ్యాహ్నం నన్ను జీపులో తీసుకెళ్ళారు. కాంట్రాక్టరు మేనల్లుడు ముందు కూర్చున్నాడు. ఇరవై అయిదేళ్ళు దాటి ఉండవు గానీ అందరూ అన్నా అనే పిలిచేవారు. వెనక అయిదారుగురు మనుషులు, చాపచుట్టలా చుట్టిన బ్యానరు, సోడాలు, బిరియానీ పొట్లాలు. చేల మధ్య ట్రాక్టరు బాటలో చాలాసేపు ఎగిరెగిరి పడుతూ పోయాం. గట్టు అంచుకు రాగానే జీపు ఆపారు. కింద పెన్న సన్నగా, మట్టిరంగులో కనిపిస్తోంది. అవతల కోటగోడ. అంచు దగ్గర గాలి బలంగా ఉంది.

తాడు కట్టడానికి నేను బండలు వెతుకుతుంటే మేనల్లుడు, "జీపుకు కట్టు మేడమ్, గట్టిగా ఉంటాది" అన్నాడు.

"జీపు కదుల్తాది గదప్పా" అన్నాను.

"నేనుండాను గదా, యాల కదుల్తాది?"

నేను వినలేదు. ఒక పెద్ద బండకు తాడు చుట్టి, కొసను ఇంకో బండకు కట్టాను. అంచు దగ్గర తాడు ఒరుసుకోకుండా గోనెసంచి పరిచాను. వాళ్ళు బ్యానరు పై కొసలు కట్టి, చుట్టను కిందికి వదిలారు. నాయకుడి మొహం తలకిందులు కాకుండా సరిగ్గానే విప్పుకుంది. మనుషులు జేజేలు కొట్టారు. నేను ట్రాక్‌సూటు మీద పట్టీలు బిగించుకొని, అంచు దాటి దిగాను.

దిగడం హాయిగానే ఉంది. ఆ మాట దాచుకోవడం ఎందుకు? బావి గట్టున పడుకొని పిల్లల ముడులు చూసి చూసి, నేను నా కోసం తాడు ఎక్కి చాలా రోజులైంది. బండ వెచ్చగా ఉంది. కాళ్ళు పెట్టిన చోటల్లా పట్టు దొరికింది. కాసేపు బదిలీ గురించీ గ్రాంటు గురించీ మరిచిపోయాను.

బ్యానరు కింది అంచు చేరాక, తెచ్చుకోవాల్సిన ఇనుపతీగ వాళ్ళు జీపులోనే మరిచిపోయారని తెలిసింది. పైకి అరిస్తే గాలికి ఎవరికీ వినపడలేదు. బండ చీలికలో నుంచి ఒక జువ్విచెట్టు వేరు బయటికి వచ్చి ఉంది. నా దగ్గరున్న రెండు సన్నతాళ్ళలో ఒకటి విప్పి, ఆ మూలను వేరుకు కట్టేశాను. తర్వాత రెండో మూలకు పోదామని బండ మీద పక్కకు నడుస్తుండగా లోయలో నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. గుడ్డ తెరచాపలా ఉబ్బి వచ్చి నన్ను చుట్టేసింది. ఊపిరాడలేదు. నాయకుడి చొక్కా రంగు తప్ప ఇంకేమీ కనిపించలేదు. గుడ్డను తోసుకుంటూ నేను కొంచెం కిందికి జారాను. జారడంలో గుడ్డ అంచు తాడుతో పాటు ఎనిమిది బిళ్ళలోకి దూరింది. అంతే, నిలబడిపోయాను. కిందికీ పోను, పైకీ పోను.

బలంగా లాగి చూశాను. గుడ్డ ఇంకా బిగుసుకుంది. నా బరువంతా దాని మీదే ఉంటే అది ఎలా వస్తుంది? జేబులో చిన్న చాకు ఉంది. గుడ్డ కోసేద్దామని చెయ్యి జేబులోకి పోయింది కూడా. పోయిన చేతిని వెనక్కి తీసుకున్నాను. బరువు మోస్తున్న తాడు పక్కన చాకు పెట్టకూడదు. బిర్రుగా ఉన్న తాడుకు చాకు తగిలితే చాలు, ఇట్టే తెగుతుంది. కింది తాడును తొడకు నాలుగైదు చుట్లు చుట్టుకొని, చేతులు రెండూ ఖాళీ చేసుకొని, కాసేపు ఊరికే వేలాడాను.

అప్పుడే పైన శబ్దం అయింది.

టపాకాయో నాటుబాంబో తెలియలేదు. లోయలో ఏ శబ్దమైనా నాలుగు వైపుల నుంచీ తిరిగొస్తుంది. మా ఊళ్ళో పుట్టిన ఎవరికైనా ఆ రెండింటికీ తేడా తెలుస్తుందంటారు. నాకు అక్కడ తెలియలేదు. తర్వాత అరుపులు. రాళ్ళు పడుతున్న చప్పుడు. ఒక రాయి నాకు దూరంగా గాల్లో నుంచి కిందికి పోయింది. తర్వాత జీపు స్టార్టయిన చప్పుడు, దూరమైపోయిన చప్పుడు.

"అన్నా! ఓ అన్నా!" అని నా గొంతు పోయేదాకా అరిచాను. ఎవరూ పలకలేదు.

భయం వేసిందా అని అడిగితే, వేసింది. కానీ దాని కంటే ఎక్కువగా విసుగు వేసింది. రేపటి డ్రిల్లు పీరియడ్లు గుర్తొచ్చాయి. బావ ఇంటికొచ్చేసరికి తలుపు తాళం వేసి ఉంటుందని గుర్తొచ్చింది. తాడు నది దాకా అందదు కాబట్టి కిందికి పోయే దారి లేదు. మిగిలింది పైకి పోవడమే. ఇప్పుడు మళ్ళీ అంతా ఎక్కాలా దేవుడా అనుకున్నాను. నా ప్రార్థన అంతవరకే.

ఒక సన్నతాడే మిగిలింది. దాన్ని ఎనిమిది బిళ్ళకు పైన లావుతాడుకు ముడివేసి నడుముకు తగిలించాను. పాదానికి ఇంకోటి కావాలి. బ్యానరు కింది అంచు మడతలో నైలాను తాడు కుట్టి ఉంది. చాకును పెద్దతాడుకు దూరంగా, తొడ కిందికి పెట్టి, ఆ నైలాను తాడును కోసి లాగాను. అది మరీ సన్నం. మూడు చుట్లకు పట్టుకోలేదు, జారిపోయింది. విప్పి మళ్ళీ ఇంకో రెండు చుట్లు కలిపి చుట్టాను. పట్టుకుంది. పాదం పెట్టి మెల్లగా లేచాను. నైలాను బూటు లోపలికి దిగబడినట్టు నొప్పి. నడుము ముడిని పైకి జరిపి దాని మీద కూర్చున్నాను. ఎనిమిది బిళ్ళ మీద బరువు పోయింది. గుడ్డను పీకితే పరపరా చిరిగి వచ్చేసింది.

ఆ తర్వాత చెప్పుకోదగ్గదేమీ లేదు. నిలబడటం, ముడి జరపడం, కూర్చోవడం. కొంత ఎక్కిన తర్వాత కింది తాడులో ఒక ఉచ్చు వేసి నడుముకు తగిలించుకొనేదాన్ని, ఒకవేళ ముడులు రెండూ జారినా అక్కడ ఆగుతానని. పిల్లలకు అది చెప్తే విసుక్కునేవారు. నాకూ విసుగే. అయినా వేశాను. బండ మీద ఎండ పోయింది. చేతులు అలిసిపోతే తాడును కావలించుకొని కళ్ళు మూసుకొనేదాన్ని. మళ్ళీ నిలబడటం, ముడి జరపడం, కూర్చోవడం. పక్కన నాయకుడి మొహం నాతో పాటే, గడ్డం, పెదవులు, మీసం, ముక్కు, మెల్లగా కిందికి పోతూ ఉంది.

కంటి దాకా వచ్చాననుకుంటాను, తాడు అదిరింది.

గాలికి అదిరినట్టు కాదు. పైన ఎవరో దాన్ని చేత్తో పట్టుకున్నారు. ఎక్కడ నుంచి వచ్చిందో గొంతు, "తాడు మింద మనిసి ఉండాది! తాడు ముట్టద్దండి!" అని అరిచాను.

అంచు మీద ఒక తల కనిపించింది. తలగుడ్డ, తెల్లమీసం.

"ఎవురది?"

"నేను! టీచర్ని!"

"ఆడమనిసా?" తల వెనక్కి తిరిగి ఎవరితోనో, "ఒరే, కత్తి తియ్యి రా ఆడ్నుంచి. మనిసుండాది. ఆడమనిసి" అంది. మళ్ళీ నా వైపు తిరిగి, "ఏ పార్టీమ్మా నువ్వు?" అని అడిగింది.

"ఏ పార్టీ కాదు. డ్రిల్లు టీచర్ని!"

"వాళ్ళేమయిరి? నిన్నిట్ల వదిలేసి పోయిరా?"

"పోయినారు."

ఆ పెద్దాయన ఏదో తిట్టు తిట్టాడు. నన్ను కాదు. "మేము లాగల్నా? పదిమందిముండాం."

"లాగొద్దు మామా! తాడు బండకు ఒరుసుకుంటాది. ముట్టుకోకుండా ఉంటే సాలు. నేనే వస్చా."

"సరే. నిమ్మళంగా రా. ఈడనే కూర్చుంటా. ఎవుర్నీ రానీను."

అంచు దగ్గరే అన్నిటికంటే కష్టమైంది. నేను పరిచిన గోనెసంచి ఎక్కడికో పోయింది. నా బరువుకు తాడు బండను కరుచుకొని ఉంది. ముడి జరపడానికి వేళ్ళు దూరడం లేదు. కణుపుల మీద తోలు లేచిపోయింది. ఆయన బోర్లా పడుకొని చెయ్యి చాచాడు. కోర్సులో అయితే వద్దనాల్సింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇంకొకరు పట్టీలు పట్టుకొని లాగారు. గడ్డి మీద పడి, మొహం మట్టికి ఆనించి, లేవకుండా అట్లాగే ఉన్నాను.

లేచి చూస్తే చుట్టూ చెప్పులు. వదిలేసి పారిపోయిన చెప్పులు, ఒక్కోటి ఒక్కో దిక్కు. పగిలిన సోడాసీసాలు. తినని బిరియానీ పొట్లాలు. జీపు నిలబడిన చోట టైర్ల గుర్తులు. ఎదుటి పార్టీ వాళ్ళు ఆ పెద్దాయనతో కలిపి పదిమంది దాకా ఉన్నారు. బ్యానరు కోసేయడానికి వచ్చారు. పై కొసలతో పాటు నా తాడునూ కోయబోయారు. తాడు బిర్రుగా ఉందేమిటా అని పెద్దాయన చేత్తో పట్టుకొని చూశాడట. బావిలో చేద వేసిన చెయ్యి కదా, అవతల ప్రాణమున్న బరువో కాదో తెలుస్తుందన్నాడు.

నీళ్ళు తాగించాక ఒకడు, "ఏందమ్మా, కట్టినదానివి నువ్వే గదా. దిగి ఇప్పేసి రా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. చివరికి అది ఏడుపయింది. "నాతో కాదప్పా. కోసుకోండి. ఏమైనా చేసుకోండి" అన్నాను.

"గమ్మునుండు రా" అని పెద్దాయన వాణ్ణి కసిరాడు. నా తాడును నేను పైకి లాగి చుట్టుకునే దాకా ఆగి, తర్వాత పై కొసలు కోశారు. గుడ్డ కింది జువ్వివేరు పట్టుకొని ఒక పక్కకు వాలి, అక్కడే వేలాడుతూ ఉండిపోయింది. దాన్ని ఎవరూ తీయలేకపోయారు.

వాళ్ళ జీపులోనే ఊరికి వచ్చాను. ఇంకో దారి లేదు. బస్టాండు దగ్గర ఆపించి పెద్దాయన నాకు సోడా తాగించాడు. ఆయన నాకు వరసకు ఏమీ కాడు. నేను మామా అన్నందుకు కాబోలు, "ఇంటికి పోయి ఉడుకునీళ్ళు పోసుకో పాపా, పొద్దున లేవలేవు" అన్నాడు. జమ్మలమడుగులో సాయంత్రం పూట బస్టాండు దగ్గర ఎంతమంది ఉంటారో అంతమందీ నేను ఏ జీపులో నుంచి దిగానో చూశారు.

మర్నాడు నాయకుడు వచ్చాడు, మాట్లాడాడు, పోయాడు. ఎదుటి బండ మీద ఆయన ఒక కన్నూ ఒక చెవీ గాలికి ఊగుతూ ఉన్నాయని అక్కడికి పోయినవాళ్ళు చెప్పారు.

ఆ తర్వాతి రోజు మేనల్లుడు స్కూలుకు వచ్చాడు. కరస్పాండెంటుగారి గదిలో నా ఎదురుగానే, "మా బ్యానరు కట్టమంటే వాళ్ళ జీపులో ఊరేగుతాదా మీ టీచరు?" అన్నాడు.

"మీరు నన్ను ఆడ వదిలేసి పోయినారు" అన్నాను. నా చేతులకు కట్లు ఉన్నాయి.

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకేం మేడమ్. నీకు ఎక్కను వస్చాది గదా. మాకు యాడొస్చాది?"

అందులో ఎగతాళి లేదు. కట్ల చేతులతోనే డ్రిల్లు పీరియడుకు పోయాను.

బదిలీ రాలేదు. ఎన్నికల తర్వాత అడగాల్సిన ఇల్లు మారింది గానీ అడిగే పద్ధతి మారలేదు. ఒకరికి నేను బ్యానరు కట్టిన దాన్ని, ఇంకొకరికి ఎదుటివాళ్ళ జీపు ఎక్కిన దాన్ని. మరుసటి ఎన్నికలకు ఆ ఎదుటి పార్టీ వాళ్ళలో కొందరు కూడా వచ్చి, అదే గట్టు మీద తమ బ్యానరు కట్టమన్నారు. భుజం పోయిందని చెప్పాను. అది నిజమే. ఆ రోజు నుంచి కుడిభుజం పైకి లేపితే పట్టేస్తుంది. స్కూలు గ్రాంటు మాత్రం ఆగలేదు. ఎవరి మాటతో వచ్చిందో మాకు తెలియదు, అడగలేదు.

బావి దగ్గర పిల్లలకు నేర్పడం కొన్నేళ్ళు సాగింది. నేను దిగడం మానేశాను. గట్టున కూర్చొని చెప్పేదాన్ని. ఒక సన్నతాడే ఉంటే ఏం చేయాలి, అదీ లేకపోతే ఏం చేయాలి అనేవి కొత్తగా చేర్చాను. పిల్లలు, "అట్ల ఎందుకు జరుగుతాది మేడమ్?" అనేవారు. "చెయ్యండి, మాట్లాడకుండా" అనేదాన్ని. నేనూ మా పొట్టి మాస్టారిలా విసుగుమనిషిని అవుతున్నానని తెలిసేది.

ఒకనాడు బావ రెండు రోజులు ఇంటికి రాలేదు. దారిలో ఎక్కడో ఎవర్నో చంపారు, బస్సులు తిప్పలేదు. మూడో రోజు వచ్చి, స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాడు.

"ఇంగ ఎవుర్నీ అడగొద్దు మే" అన్నాడు.

"మరి?"

"ముద్దనూరులో ఇల్లు చూస్చా. నాకు ఒగ బస్సు తగ్గుతాది, నీకు ఒగ బస్సు పెరుగుతాది. అంతే."

నాకు అది అన్యాయంగా అనిపించలేదు. లెక్కలో మంచిదేనని అనిపించింది. వేసవి సెలవుల్లో సామాను ట్రాక్టరుకు ఎక్కించుకొని పోయాం. రైల్వేస్టేషను దగ్గర రెండు గదుల ఇల్లు. గూడ్సు బండ్లు పోతే గోడలు అదిరేవి. అక్కడ మమ్మల్ని ఎవరి మనుషులని ఎవరూ అడగలేదు, లేదా అడిగే లోపలే మేము బస్సెక్కి పోయేవాళ్ళం.

పదవీ విరమణ దాకా అక్కడే ఉన్నాం. పొద్దున ఇంటికి తాళం వేసి, రోడ్డు మీదికి వచ్చి, ఆయన పులివెందుల బస్సు వచ్చే వైపు, నేను జమ్మలమడుగు బస్సు వచ్చే వైపు నిలబడేవాళ్ళం. ఎవరి బస్సు ముందు వస్తే వాళ్ళు ఎక్కేవారు. సీటు దొరికితే నేను కిటికీకి తల ఆనించి, ఎడమచేత్తో కమ్మీ పట్టుకొని, ఊరు వచ్చేదాకా నిద్రపోయేదాన్ని.